బడి ప్రాజెక్టుకు ఊరి చెట్టు: సీజన్‌వాచ్‌పై ఒక ఉపాధ్యాయుడి సమీక్ష

ప్రాజెక్టు పని అనగానే మన ఉన్నత పాఠశాలల్లో ముందు గుర్తుకొచ్చేది పది మార్కులు. ఏడాది మధ్యలో బడిలోనే జరిపే నిర్మాణాత్మక మూల్యాంకనంలోని 50 మార్కుల్లో పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలకు 10, రాత పనులకు 10, ప్రాజెక్టు పనికి 10, లఘు పరీక్షకు 20 అని విడదీసిన పద్ధతి మాలాంటి ఉపాధ్యాయులకు కంఠతా వచ్చు. పిల్లలు తమ ఊరి చెరువును, పొలాన్ని, సంతను, చెట్టును స్వయంగా చూసి, పెద్దలను అడిగి, తెలుసుకున్నది తమ మాటల్లో రాయాలన్నది 2011 నాటి రాష్ట్ర విద్యా ప్రణాళికా చట్రం వెనుక ఉన్న ఆశయం. చాలాచోట్ల ఆచరణలో జరుగుతున్నది వేరు. ముందురోజు సాయంత్రం జిరాక్స్ సెంటరుకు వెళ్లి నీటి కాలుష్యమనో, జీవవైవిధ్యమనో చెబితే నాలుగు రంగుల ప్రింట్లు చేతికొస్తాయి. వాటిని చార్టుకు అంటించి, పైన పేరు, రోల్ నంబరు రాస్తే ప్రాజెక్టు పూర్తవుతుంది. అందులో గంగా నది ఉంటుంది, అమెజాన్ అడవి ఉంటుంది, ఆ పిల్లవాడి ఊరు మాత్రం ఎక్కడా కనిపించదు.

ఎనిమిది, తొమ్మిది తరగతులకు జీవశాస్త్రం చెప్పే నాకు ఈ లోటును తీర్చే సాధనంగా దొరికింది సీజన్‌వాచ్. దీన్ని మెదక్ ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పిల్లలతో వాడించాను. ఏ ప్రభుత్వ బడిలోనైనా, ఏ ఖర్చూ లేకుండా మొదలుపెట్టగలిగిన స్థానిక ప్రాజెక్టుల్లో ఇంతకంటే నికార్సైనదాన్ని నేను చూడలేదు. అయితే ఇది చెట్టును చూపిస్తుంది, ఊరిని చూపించదు. ఆ రెండో సగాన్ని ఉపాధ్యాయుడే జోడించుకోవాలి. జోడించుకుంటే తప్ప దీని పూర్తి విలువ బడికి అందదు. ఈ సమీక్షలో నేను ప్రధానంగా చెప్పదలచినది ఈ సంగతే.

ముందుగా ఇది ఏమిటో తెలియనివారి కోసం కొంత వివరం. సీజన్‌వాచ్ అనేది దేశవ్యాప్తంగా సాధారణ పౌరుల చేత, ముఖ్యంగా బడి పిల్లల చేత, చెట్ల ఋతుచక్రాన్ని నమోదు చేయించే పౌర విజ్ఞాన కార్యక్రమం. నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ అనే పరిశోధన సంస్థ దీన్ని నిర్వహిస్తోంది. మొదలై పదేళ్లు దాటింది. కేరళలో మాతృభూమి పత్రిక నడిపే సీడ్ కార్యక్రమం ద్వారా అక్కడి బడులు దీనిలో పెద్దఎత్తున చేరాయి కనుక, ఇప్పటివరకు చేరిన లక్షల పరిశీలనల్లో సింహభాగం మలయాళీ పిల్లలదే. చేయవలసిన పని చాలా చిన్నది. ఒక చెట్టును ఎంచుకుని నమోదు చేసుకోవాలి. తర్వాత వారానికి ఒకసారి దాని దగ్గరకు వెళ్లి లేత ఆకులు, ముదురు ఆకులు, మొగ్గలు, విచ్చిన పూలు, కాయలు, పండ్లు ఎంతమేరకు ఉన్నాయో చూసి రాయాలి. లెక్కపెట్టవలసిన పని లేదు. లేవు, కొన్ని ఉన్నాయి, చాలా ఉన్నాయి అనే మూడు మాటల్లో ఒకటి ఎంచుకుంటే చాలు; కొమ్మల విస్తీర్ణంలో మూడోవంతు వరకు ఉంటే కొన్ని, అంతకు మించితే చాలా. వారం వారం చూడలేనివారు ఎప్పుడో ఒకసారి కనబడిన చెట్టు గురించి కూడా రాసి పంపవచ్చు. ఏడాదిలో నాలుగుసార్లు, ఋతువులు మారే రోజుల్లో, వీలైనన్ని చెట్లను ఒకేసారి చూసి నమోదు చేసే కార్యక్రమం కూడా ఉంటుంది. అన్నీ ఉచితమే.

ఆ మూడు మాటల ఏర్పాటును ఈ కార్యక్రమంలోని అత్యుత్తమ ఆలోచనగా నేను భావిస్తాను. పన్నెండేళ్ల పిల్లను వేపచెట్టు కింద నిలబెట్టి పూలెన్ని అని అడిగితే ఊహించి ఒక అంకె రాస్తుంది. ఆ అంకె దేనికీ పనికిరాదు. లేవు, కొన్ని, చాలా అన్నప్పుడు మాత్రం ఇద్దరు పిల్లలు విడివిడిగా చూసినా దాదాపు ఒకే సమాధానం వస్తుంది. రాకపోతే వాదించుకుంటారు. ఆ వాదన తేలడానికి చెట్టు చుట్టూ తిరిగి మళ్లీ చూడాలి, తూర్పు వైపు కొమ్మకూ పడమర కొమ్మకూ తేడా గమనించాలి. శాస్త్రీయ పరిశీలన అంటే ఏమిటో పాఠంలో చెప్పి ఒప్పించలేనిది ఈ పోట్లాటలో వాళ్లంతట వాళ్లకే పట్టుబడుతుంది.

మా పిల్లలను ఇద్దరిద్దరిని జతలుగా చేసి ఒక్కో జతకు ఒక్కో చెట్టు అప్పగించాం. మొబైల్ యాప్ ఉన్నా, పిల్లల చేతికి ఇచ్చింది మాత్రం గళ్లు గీసిన నోటు పుస్తకం. వారం మధ్యలో ఒక రోజు ఖరారు చేసుకుని, బడి విడిచాక ఆ గళ్లు నింపి తెచ్చేవారు. వాటిని నా ఫోనులో ఎక్కించేవాణ్ని. ఛాతీ ఎత్తులో మాను చుట్టుకొలత తీయడం, చెట్టు ఎవరి స్థలంలో ఉందో కనుక్కోవడం, దానికి నీరు ఎక్కడి నుంచి అందుతోందో చూడటం మొదటి వారం పని. బడి ఆవరణలోని వేప, కానుగ, పంచాయతీ కార్యాలయం ముందున్న చింత, చెరువు కట్ట మీది మేడి, బొడ్రాయి దగ్గరి రావి, ఊరి బయటి మోదుగ, ఇలా పిల్లలు రోజూ నడిచే దారిలోని చెట్లనే ఎంచుకున్నాం.

వేప గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే వేపచెట్టును చూడని తెలుగు పిల్లలు ఉండరు, చూసినవాళ్లూ దాదాపుగా ఉండరు. మాఘమాసం దాటుతుండగా ఆకులు పసుపు పచ్చబడి రాలుతాయి. కొన్ని చెట్లు పూర్తిగా బోసిపోతాయి, కొన్ని సగం రాల్చి ఆగిపోతాయి. పక్కపక్కనే ఉన్న రెండు వేపలు ఒకే వారంలో ఒకేలా ఉండవన్నది పిల్లలను మొదట ఆశ్చర్యపరిచిన విషయం. తర్వాత కొమ్మల చివర రాగి రంగు లేత ఆకులు విచ్చుకుంటాయి. ఈ రంగు ఆకుపచ్చగా మారే కొద్ది వారాల్లోనే ఆకుల మొదట్లో సన్నని గెలలుగా మొగ్గలు కనిపిస్తాయి. మా బడిలోని ఒక అమ్మాయి తన పుస్తకంలో ఉగాది వారం గళ్లలో మొగ్గలు చాలా, విచ్చిన పూలు కొన్ని అని రాసి, పక్కన చిన్న అక్షరాలతో మరో వాక్యం చేర్చింది: మా ఇంటి పచ్చడిలోకి పువ్వు ఈ చెట్టుది కాదు, చెరువు కట్ట కింది చెట్టుది, అక్కడ నీళ్లుంటాయి కాబట్టి ముందే పూసింది అని. నీటికీ పూతకూ ఉన్న సంబంధాన్ని నేను చెప్పలేదు. అది నిజంగానే కారణమా, లేక ఆ చెట్టు తీరే అంతా అన్నది ఒక ఏడాది పరిశీలనతో తేలేది కూడా కాదు. అయినా ఆ వాక్యం ఒక పరికల్పన, అంటే పరీక్షించి చూడదగ్గ ఊహ. జిరాక్స్ సెంటరులో దొరికే ప్రాజెక్టులో ఇలాంటి వాక్యానికి చోటే ఉండదు. ఆ ఒక్క వాక్యానికే నేను పదికి పది వేశాను.

వేప విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. 2021లో వానల తర్వాత తెలంగాణలో వేపచెట్ల కొమ్మలు చివరి నుంచి మాడిపోతూ వచ్చి, ఊళ్లకు ఊళ్లలో చెట్లు అగ్గి తగిలినట్టు గోధుమ రంగుకు తిరిగిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది ఫోమాప్సిస్ అనే శిలీంద్రం వల్ల వచ్చే కొమ్మ ఎండు తెగులని, తేయాకు దోమ అనే రసం పీల్చే పురుగు కూడా దానికి తోడైందని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పారు. మరుసటి వేసవికి చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. అయితే మీ ఊరిలో ఏ చెట్టుకు ముందు వచ్చింది, ఏ వారంలో మొదలైంది, ఏ చెట్టు తట్టుకుంది అని అడిగితే కచ్చితంగా చెప్పగలిగినవారు అరుదు. అందరూ చూశారు, ఎవరూ రాసుకోలేదు. ప్రతి మండలంలో ఒక్క బడిలోనైనా ఇలాంటి వారపు పుస్తకం ఉంటే, తెగులు ఎటు నుంచి ఎటు పాకిందో పటం గీయగలిగేవాళ్లం. జపాన్‌లోని క్యోటో నగరంలో చెర్రీ చెట్లు పూసిన తేదీలు 9వ శతాబ్దం నుంచి దొరుకుతున్నాయి కాబట్టే, ఇప్పుడు ఆ పూత ఎంత ముందుకు జరిగిందో ప్రపంచం చెప్పగలుగుతోంది. మన బడి రిజిస్టర్లలో మధ్యాహ్న భోజనం బియ్యం లెక్క దశాబ్దాల పాటు దొరుకుతుంది కానీ, బడి ముందున్న చెట్టు ఎప్పుడు పూసిందో దొరకదు.

మేడిచెట్టు అప్పగించిన జత నెలల తరబడి ఒకే ఫిర్యాదుతో వచ్చేది. కాయలు మానుకే గుత్తులు గుత్తులుగా వస్తున్నాయి, పూలు మాత్రం ఎప్పుడూ లేవు. పూయకుండా కాయ ఎలా వస్తుంది సార్ అని. ఒక లేత కాయను కోసి భూతద్దం కింద పెట్టాం. లోపలి గోడ నిండా నూగులాంటి పూలు. అంటే మనం కాయ అంటున్నది పూలను కడుపులో దాచుకున్న గుత్తి. ఆ గుత్తి కొనలో ఉన్న సన్నని రంధ్రం గుండా ఒక చిన్న కందిరీగ జాతి పురుగు లోపలికి దూరుతుంది. దూరేటప్పుడే దాని రెక్కలు ఊడిపోతాయి. తెచ్చిన పుప్పొడిని పూలకు అంటించి, గుడ్లు పెట్టి, అక్కడే చనిపోతుంది. దాని సంతానంలో రెక్కలు లేని మగవి ముందు పుట్టి, ఆడవాటితో కలిసి, వాటికోసం బయటికి దారి తొలిచి లోపలే ప్రాణం విడుస్తాయి. ఆడవి కొత్త పుప్పొడితో మరో చెట్టును వెతుక్కుంటాయి. మేడిపండు పొట్ట విప్పితే పురుగులుంటాయన్న మాటను తెలుగువాళ్లం తరతరాలుగా కపటానికి గుర్తుగా చెప్పుకుంటున్నాం. ఆ పురుగులే లేకపోతే మేడిచెట్టుకు విత్తనమే లేదని తెలిసినప్పుడు పిల్లల ముఖాల్లో కనిపించిన ఆనందం నాకు ఈ కార్యక్రమం ఇచ్చిన గొప్ప బహుమతి. ఇది పాఠ్యపుస్తకంలో లేదు. ఖాళీగా మిగిలిపోయిన ఒక గడి వల్ల పుట్టిన ప్రశ్న ఇది.

ఇప్పటివరకు చెప్పిందంతా మెప్పు. ఇక లోటు సంగతి. చింతచెట్టు దగ్గర అది తేటతెల్లమైంది. వేసవి మొదట్లో చింత చిగురు వేసే కాలంలో, పంచాయతీ ముందున్న చెట్టుకు లేత ఆకులు కొన్ని అని వరుసగా రాస్తూ వచ్చారు పిల్లలు. అదే రోజుల్లో దూరంగా పొలాల్లో ఉన్న చింతలు లేత పచ్చగా మెరిసిపోతున్నాయి. ఈ తేడా ఎందుకొచ్చిందో చెప్పింది చెట్టు కింద కూర్చున్న ఒక అవ్వ: "చిగురు పొద్దుగాలనే కోసుకపోయిన్రు బిడ్డా, ఇంక యాడుంటది?" చింత చిగురుకు సంతలో మంచి ధర ఉంటుంది, అందే ఎత్తులో ఉన్న కొమ్మలకు చిగురు నిలవదు. చెట్టు చిగురించింది, మనిషి కోశాడు; నమోదులో మాత్రం చెట్టు సరిగ్గా చిగురించనట్టే పడింది. సీజన్‌వాచ్ గళ్లలో ప్రధానంగా ఉండేవి ఆకు, పూత, కాపు. చెట్టు ఋతువును అధ్యయనం చేసే శాస్త్రవేత్తకు ఆ మాత్రం చాలు. ఊరిని చదవాలనుకునే బడికి చాలదు.

అందుకే మా పుస్తకంలో మరో మూడు నిలువు గళ్లు చేర్చుకున్నాం: ఈ వారం చెట్టుకు మనుషులు ఏం చేశారు, చెట్టు గురించి ఎవరేం చెప్పారు, ఇప్పుడు నడుస్తున్న కార్తె ఏది. మొదటి గడిలోకి చిగురు కోత, కరెంటు తీగలకు తగులుతున్నాయని కొట్టేసిన కొమ్మలు, మేకల కోసం విరిచిన రెమ్మలు, చెట్టుకు కట్టిన ముడుపులు అన్నీ వచ్చి చేరాయి. రెండో గడి పిల్లలను పంచాయతీ కార్యాలయం దాకా తీసుకెళ్లింది. అక్కడ వాళ్లకు తెలిసిన సంగతి, ఊరి ఉమ్మడి చింతల కాపును ఏటా వేలం వేస్తారని. వేలం పాడుకున్నవారు ఎవరిని పెట్టి కాయ దులిపిస్తారు, కూలి ఎంత, గింజ తీసే పనికి ఎక్కువగా ఆడవాళ్లే ఎందుకు వస్తారు, ఆ డబ్బు పంచాయతీ ఏ పద్దు కింద రాసుకుంటుంది అన్న ప్రశ్నలకు సాంఘిక శాస్త్రం చెప్పే మా సహోపాధ్యాయుడు పిల్లలతో పాటు కూర్చుని సమాధానాలు రాబట్టారు. స్థానిక స్వపరిపాలన పాఠం ఆ ఏడాది విడిగా చెప్పవలసిన పని లేకపోయింది. చెట్టు మీద మొదలైన ప్రాజెక్టు ఆర్థిక శాస్త్రంలోకీ పౌరశాస్త్రంలోకీ నడిచింది; గణితం చెప్పే టీచరు చుట్టుకొలత నుంచి వ్యాసం తీయించి తన వంతు తాను తీసుకున్నారు.

కార్తె గడి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సూర్యుడు 27 నక్షత్రాల్లో ఒక్కోదానిలో నడిచే పదమూడు, పద్నాలుగు రోజులను ఒక్కో కార్తెగా లెక్కించే రైతు పంచాంగం పల్లెల్లోని పెద్దవాళ్ల నోట ఇంకా బతికే ఉంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నది పట్నం పిల్లలకూ తెలుసు. జూన్ 8 ప్రాంతంలో మొదలయ్యే మృగశిర, ఆ వెనకే వచ్చే ఆరుద్ర, విత్తనాలకు ముడిపడిన కార్తెలు. మా పిల్లలు ప్రతి వారం తేదీ పక్కన కార్తె పేరు రాయాలన్నది నియమం. అది రాయడానికి ఇంట్లో తాతనో నానమ్మనో అడగక తప్పలేదు. అడిగినప్పుడల్లా ఆ కార్తెలో ఏ చెట్టు ఏం చేస్తుందో ఒక మాట దొరికేది. కొన్ని మాటలు పిల్లల పరిశీలనతో సరిపోయాయి, కొన్ని సరిపోలేదు. సరిపోనివాటిని కూడా కొట్టేయకుండా రాయించాను. పెద్దల మాట తప్పా, ఋతువు మారిందా, లేక ఆ మాట ఇంకో నేలకు సంబంధించినదా అన్నది ఏళ్ల తరబడి రాస్తే తప్ప తేలదు. కేరళలో ఈ చర్చ ఇప్పటికే గట్టిగా ఉంది. విషు పండుగ నాడు పొద్దున లేవగానే చూసే శుభవస్తువుల పళ్లెంలో పెట్టే కణికొన్న, అంటే మన రేల, పండుగ రాకముందే పూసి రాలిపోతోందని అక్కడ ఇంటింటా అనుకుంటారు. అక్కడి బడి పిల్లల నమోదులు ఆ మాటను తూచడానికి ఒక త్రాసును ఇస్తున్నాయి. మనకు వేపపువ్వుకు ఉగాది, తంగేడు పువ్వుకు బతుకమ్మ, మోదుగ పువ్వుకు హోళి ఉన్నాయి. మన దగ్గర త్రాసు ఇంకా సిద్ధం కాలేదు.

ఆచరణలో ఎదురయ్యే అడ్డంకుల్లో పెద్దది బడి క్యాలెండరు. తెలంగాణలో ఏప్రిల్ చివరి వారంలో మూసిన బడులు జూన్ 12న తెరుచుకుంటాయి. రేల పూసేది, చింత పూత పట్టేది, మామిడి పండేది, వేపకాయ ముదిరేది సరిగ్గా ఈ మధ్యలోనే. బడి ఆవరణలోని చెట్టును ఎంచుకుంటే ఏడాదిలో అత్యంత రసవత్తరమైన వారాలన్నీ ఖాళీ గళ్లుగా మిగిలిపోతాయి. ఇంటి దగ్గరి చెట్టునే ఎంచుకోవడం ఒక్కటే దీనికి మార్గం. హాస్టల్ పిల్లలకూ, సెలవుల్లో అమ్మమ్మ ఊరికి వెళ్లే పిల్లలకూ అదీ కుదరదు; జతలో ఒకరైనా ఊర్లో ఉండేవారు అయ్యేలా చూసుకోవాలి. సెలవుల తర్వాత మిగిలిపోయిన గళ్లను గుర్తుచేసుకుని నింపనివ్వకూడదు. చూడని వారం చూడని వారమే అని మొదటి రోజే చెప్పి, ఖాళీ గడికి మార్కు తగ్గదని హామీ ఇస్తే పిల్లలు కల్పించి రాయరు. మార్కు భయం ఉన్నచోట సమాచారం నమ్మకంగా ఉండదు.

రెండోది ఫోను. యాప్ వాడటం తేలికే, కానీ ప్రభుత్వ బడి పిల్లల ఇళ్లలో ఉండే ఒక్క స్మార్ట్‌ఫోను ఎక్కువగా తండ్రి వెంట పనికి వెళ్లిపోతుంది. పిల్లలే నేరుగా నమోదు చేయాలని పట్టుబడితే ఫోను ఉన్నవారికే ప్రాజెక్టు అవుతుంది. నోటు పుస్తకం, దాని వెనక టీచరు ఫోను అన్న పద్ధతిలో వారానికి కొంత సమయం మన మీద పడుతుంది. అది ఒప్పుకున్నాకే మొదలుపెట్టడం మంచిది. శాస్త్రీయ నామాలతో ఉండే చెట్ల జాబితాకు పక్కన మన ఊరి పేరు రాసుకున్న ఒక పట్టిక తయారు చేసుకోవాలి. ఒకే చెట్టుకు రెండు ఊళ్లలో రెండు పేర్లు ఉంటాయి. ఒకే పేరుతో రెండు చెట్లూ ఉంటాయి. ఆకు, బెరడు, కాయ మూడూ చూసి నిర్ధారించుకోనిదే నమోదు చేయకూడదు. తప్పు పేరుతో ఏడాదంతా శ్రద్ధగా రాసిన సమాచారం కంటే బాధాకరమైనది లేదు.

మూడో హెచ్చరిక ఉపాధ్యాయులకే. ఒక ఏడాది, ఒక ఊరు, కొన్ని చెట్లు చూసి వాతావరణ మార్పు నిరూపించామని చార్టు మీద రాయించడం సరికాదు. వేప ఈ ఏడాది రెండు వారాలు ముందు పూసిందంటే అది ఈ ఏడాది సంగతి మాత్రమే. పిల్లల పని ఒక పెద్ద లెక్కలో ఒక అంకె అని వాళ్లకు చెప్పాలి. ఆ మాట చెబితే పిల్లలు నిరుత్సాహపడతారని కొందరు అంటారు. నాకు ఎదురైన అనుభవం అందుకు పూర్తిగా భిన్నం. తాము రాసినది దేశంలోని మిగతా బడుల రాతతో కలుస్తుందని, కేరళ కోళిక్కోడ్‌లోని ఒక అమ్మాయి కూడా అదే వారం పనసచెట్టు కింద నిలబడి ఉంటుందని తెలిసినప్పుడు మా పిల్లలు మరింత జాగ్రత్తగా రాశారు.

ఇదే దారిలో బడులకు అందుబాటులో ఉన్న మిగతావాటితో పోల్చి చూస్తే దీని స్థానం ఏమిటో తెలుస్తుంది. 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ 10 నుంచి 17 ఏళ్ల పిల్లల చేత స్థానిక సమస్య మీద పరిశోధన చేయించే చక్కని వేదిక. జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయి పోటీలు ఉన్నందువల్ల బడిలోని ఇద్దరు ముగ్గురు చురుకైన పిల్లలకే అవకాశం దక్కుతుంది, మిగతా తరగతి ప్రేక్షకులుగా మిగులుతుంది. 2001లో మొదలైన జాతీయ హరిత దళం కింద ఏర్పడిన పర్యావరణ క్లబ్బులు మొక్కలు నాటడం, ర్యాలీలు, దినోత్సవాల వరకు బాగా చేస్తున్నాయి. నాటిన మొక్కను మరుసటి వారం చూడటం అనే అలవాటు వాటికి సీజన్‌వాచ్ నుంచి రావాలి. ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే పక్షుల లెక్కింపు పిల్లలకు ఎంతో ఉత్సాహాన్ని ఇస్తుంది, కనీసం పదిహేను నిమిషాలు నిలబడి లెక్కపెడితే చాలు. అయితే ఎగిరిపోయే పిట్టను గుర్తుపట్టడానికి కొంత అనుభవం, వీలైతే బైనాక్యులర్లు కావాలి. చెట్టు ఎక్కడికీ పోదు. వెనక బెంచీలో కూర్చునే పిల్లవాడికీ, చూపు మందగించిన పిల్లకూ, చదవడం సరిగ్గా రాని పిల్లలకూ అది సమానంగా అందుతుంది. మా తరగతిలో అత్యంత క్రమం తప్పని పుస్తకం పరీక్షల్లో ముందుండే పిల్లలది కాదు, రోజూ మేకలను ఆ మోదుగ దగ్గరి నుంచే తోలుకెళ్లే అబ్బాయిది.

పర్యావరణ విద్యను అన్ని తరగతుల్లోనూ తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 1991లో ఆదేశించింది, 2003లో మళ్లీ గట్టిగా చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం పిల్లలకు ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్యలో ఎప్పుడైనా పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తులను, కళలను దగ్గరగా చూసే ఏర్పాటు ఉండాలంది. ఆదేశాలకు కొదవ లేదు. ఈ పది రోజులను వరుసగా ఒకేసారి ముగించకుండా నెలకు ఒకటిగా విడగొట్టి, చింత దులిపే రోజున ఒకటి, మోదుగ ఆకుతో విస్తర్లు కుట్టే ఇంట ఒకటి, కానుగ గింజలు ఏరే రోజుల్లో ఒకటి పెట్టుకుంటే, వారపు పుస్తకానికీ ఊరి పనులకూ నేరుగా లంకె కుదురుతుంది. మా బడిలో విస్తర్ల ఇంటికి వెళ్లిన రోజు పిల్లలు తెలుసుకున్నది, ఆకు మరీ లేతదైతే చిరుగుతుందని, మరీ ముదురుదైతే పెళుసుగా విరుగుతుందని, మధ్య దశలో ఉన్నదే పుల్లకు ఆగుతుందని. లేత, ముదురు అన్న రెండు గళ్ల మధ్య మూడో దశ ఒకటి ఉందని చెప్పింది విస్తరి కుట్టే చేతులే.

మార్కుల విషయంలో నేను పాటించిన పద్ధతిని కూడా చెబుతాను, ఎందుకంటే దీన్ని మొదలుపెట్టాలనుకునే ప్రతి టీచరూ అడిగే ప్రశ్న అదే. క్రమం తప్పకుండా చూసినందుకు నాలుగు, స్వయంగా వేసిన ప్రశ్నకు మూడు, ఊళ్లో ఒకరినైనా అడిగి రాసినందుకు మూడు. అందమైన అట్టకు, రంగు స్కెచ్చులకు ఏమీ లేవు. మొదట్లో కొందరు తల్లిదండ్రులు చార్టు లేని ప్రాజెక్టేమిటని అడిగారు. పుస్తకం తెరిచి తమ ఇంటి ముందు చెట్టు గురించి తమ పిల్ల రాసినది చదివాక వారికి వేరే సమాధానం అవసరం కాలేదు.

ఎవరికి దీన్ని సూచిస్తాను అంటే, ఏడు నుంచి తొమ్మిదో తరగతి వరకు చెప్పే ఏ టీచరుకైనా, సైన్సు వారికే అన్న షరతు లేకుండా. పదో తరగతి పిల్లలకు వద్దు. వారికి వారం వారం చెట్టు దగ్గర నిలబడే తీరిక మన పరీక్షలు ఇవ్వవు. ఒక్కరోజు సైన్స్ ఫెయిర్‌లో చూపించడానికి ఏదైనా కావాలనుకునే బడికి కూడా ఇది సరిపడదు, ఎందుకంటే మొదటి రెండు నెలలు పుస్తకంలో చెప్పుకోదగ్గది ఏమీ కనిపించదు. నిర్వాహకులకు నా విన్నపం ఒకటే: మనుషులు చెట్టుకు ఏం చేశారో రాసే గడి ఒకటి ఐచ్ఛికంగానైనా చేర్చాలి, తెలుగు పల్లెల కోసం కార్తెలతో కూడిన అచ్చు పుస్తకం ఒకటి తేవాలి.

మొదలుపెట్టడానికి జూన్ కంటే జనవరి చివరి వారం మేలు. అప్పటికి వేప ఇంకా ఆకు రాల్చి ఉండదు, మోదుగ మొగ్గ తొడుగుతుంటుంది, చింతకాయ పండుతుంటుంది. మూడు నెలల్లోనే పిల్లలు ఒక పూర్తి మలుపును చూస్తారు, వేసవి సెలవుల్లో ఎలా కొనసాగించాలో కూడా ముందే అలవాటవుతుంది. మొదటి ఏడాదికి వేప, చింత, మోదుగ, ఈ మూడు చాలు. మామిడిని మాత్రం తోటలోది కాకుండా పెరటిలోది ఎంచుకోండి, ఎందుకంటే పూత కోసం మందులు కొట్టే తోటల్లో చెట్టు తన సమయానికి పూయదు, రైతు అనుకున్న సమయానికి పూస్తుంది.